జీపీఎస్ చొక్కానా, లాంగ్ నోటుబుక్కా? ఫుట్‌బాల్ సీజన్‌లో ఆటగాడి లోడ్ దేంతో కొలవాలి

పోయిన నెల పాలమూరు నుంచి ఓ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మా టీమ్‌కు స్పాన్సర్ దొరికిండు. జీపీఎస్ చొక్కాలు కొనిస్త అంటున్నడు. ఏ కంపెనీయి తీస్కోమంటవ్?"

ఆటగాడు ఎంత దూరం, ఎంత వేగంగా ఉరికాడో లెక్కపెట్టే చొక్కాలవి. కంపెనీ పేరు నేను చెప్పలేదు. "ప్రాక్టీసు అయినంక రాత్రి లాప్‌టాప్ ముందర కూసోని ఆ లెక్కలు చూసేటోడు ఎవడు?" అని అడిగాను. కాసేపు చప్పుడు లేదు. "నేనే చూడాలె గద అన్నా" అన్నాడు చివరికి. అతను బడిలో పీఈటీ. తెల్లారి అయిదింటికి గ్రౌండు, తొమ్మిదింటికి బడి, సాయంత్రం మళ్లీ గ్రౌండు, ఆదివారం మ్యాచ్.

ఆ రాత్రి అతనికి వరుసగా పంపిన వాయిస్ మెసేజ్‌లనే కాస్త సాపు చేసి ఇక్కడ రాస్తున్నాను. నేను మూడు సీజన్లు ఒక ప్రొఫెషనల్ క్లబ్బు ఫిట్‌నెస్ విభాగంలో సహాయకుడిగా పనిచేసి, ఇప్పుడు నల్లగొండలో పిలగాళ్లకు ట్రైనింగ్ ఇస్తున్నాను. లక్షల ఖరీదు సామానుతోనూ పనిచేశాను, కిరాణా కొట్లో కొన్న నోటుబుక్కుతోనూ పనిచేశాను. రెండింటికీ పని ఉంది. ఎవరికి ఏది అన్నదే ప్రశ్న.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. లోడ్ అంటే ఆటగాడి మీద పడే పని భారం. అది రెండు రకాలు. ఆటగాడు చేసిన పని ఒకటి: ఎన్ని కిలోమీటర్లు ఉరికాడు, ఎన్ని స్ప్రింట్లు కొట్టాడు, ఎన్నిసార్లు గభాల్న ఆగి మళ్లీ అందుకున్నాడు. ఇది బయటి లోడ్. ఆ పని ఒంటి మీద ఎంత పడింది అన్నది రెండోది, లోపలి లోడ్. ఇద్దరు పిలగాళ్లు ఒకే డ్రిల్ చేసి సరిగ్గా ఆరు కిలోమీటర్లే ఉరికారనుకోండి. ఒకడు నీళ్లు తాగి నవ్వుకుంటూ పోతాడు. ఇంకొకడు జ్వరం తగ్గి నాలుగు రోజులే అయింది, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వగరుస్తుంటాడు. జీపీఎస్ చొక్కాకు ఇద్దరూ ఒకటే. నోటుబుక్కులో ఇద్దరూ వేరు. ఏ సాధనమైనా ఈ రెండింటిలో ఒకదాన్నే బాగా చూస్తుంది.

నోటుబుక్కు పద్ధతి

చవకైంది, పాతది. పాతది కాబట్టి దీని మీద పరిశోధన కూడా ఎక్కువే. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గన్నర్ బోర్గ్ తయారుచేసిన 0 నుంచి 10 దాకా ఉండే కొలబద్దను తీసుకుని, అమెరికాలోని విస్కాన్సిన్‌లో కార్ల్ ఫాస్టర్ ఒక సులువైన గుణకారం చేశారు. ప్రాక్టీసు ఎంత కష్టంగా అనిపించిందో ఆటగాడు చెప్పిన అంకె, ఇంటూ ప్రాక్టీసు జరిగిన నిమిషాలు. అంతే. 80 నిమిషాల ప్రాక్టీసుకు 7 అంటే లోడ్ 560. ఫాస్టర్ బృందం 2001లో అచ్చువేసిన పత్రంతో ఇది అన్ని ఆటల్లోకీ పాకింది. 2004లో ఇటలీ పరిశోధకుడు ఫ్రాంకో ఇంపెల్లిజెరి కుర్ర ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద దీన్ని పరీక్షించి, గుండె వేగంతో కట్టిన లెక్కలకు ఇది పనికొచ్చేంత దగ్గరగా వస్తోందని చూపించారు.

అడిగే తీరులోనే ఉంది అసలు పని. ప్రాక్టీసు అయిపోయిన వెంటనే అడిగితే ఆఖరి పది నిమిషాలే గుర్తుంటాయి. చివర్లో స్ప్రింట్లు పెడితే అందరూ 9 అంటారు, స్ట్రెచింగ్ పెడితే 3 అంటారు. అందుకే అరగంట ఆగి అడగాలి. ఇంకోటి, ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. నేను మొదట్లో లైన్ కట్టించి అడిగాను. ముందున్న కెప్టెన్ "5 సార్" అన్నాడు. వెనక పంతొమ్మిది మందీ 5. ఇరవై మంది ఒళ్లూ ఒకేలా అలిసిందంటే ఎవరు నమ్ముతారు? ఆ రోజు పేజీ చింపేసి, మర్నాటి నుంచి బూట్లు విప్పుకునే చోట ఒక్కొక్కరి పక్కన కూర్చుని అడగడం మొదలుపెట్టాను.

కొలబద్ద మీద ఇంగ్లిష్ మాటలు మన పిలగాళ్లకు పట్టవు. నేను ఇట్లా చెప్పి నేర్పాను: 2 అంటే ముచ్చట పెట్టుకుంట ఉరకొచ్చు. 4 అంటే ముచ్చట తెగుతది. 5 అంటే కష్టమే, గని ఇంకో అరగంట చేస్తవ్. 7 అంటే సార్ ఎప్పుడు విజిల్ కొడ్తడా అని చూస్తవ్. 10 అంటే నీ జిందగీల ఇంతకంటే ఎక్కువ ఎన్నడూ పడలే. రెండు వారాలు అలవాటు చేస్తే అంకెలు నిలబడతాయి. ఆ రెండు వారాల అంకెలను లెక్కలోకి తీసుకోకండి.

ఇప్పుడు ఒక వారం చూద్దాం. ఆదివారం మ్యాచ్ ఉన్న టీమ్. సోమవారం తేలిగ్గా 25 నిమిషాలు, అంకె 2, లోడ్ 50. మంగళవారం సెలవు. బుధవారం 80 నిమిషాలు, 7, లోడ్ 560. గురువారం 75 నిమిషాలు, 6, లోడ్ 450. శుక్రవారం 60 నిమిషాలు, 4, లోడ్ 240. శనివారం 45 నిమిషాలు, 3, లోడ్ 135. ఆదివారం 90 నిమిషాల మ్యాచ్, 8, లోడ్ 720. మొత్తం 2155.

అదే టీమ్‌లో బెంచ్ మీద కూర్చునే పిలగాడికి వారమంతా ఇవే అంకెలు. ఆదివారం మాత్రం చివరి 15 నిమిషాలు ఆడాడు, 4 అన్నాడు, లోడ్ 60. మొత్తం 1495. వారానికి 660 తక్కువ. నాలుగు వారాలు ఇట్లాగే గడిస్తే 2640 వెనకబడ్డాడు, అంటే మొదటి పదకొండు మందితో పోలిస్తే ఒక వారం పైచిలుకు ట్రైనింగే చెయ్యనట్టు. అయిదో వారం లెఫ్ట్ బ్యాక్‌కు మడమ మెలిపడితే "పో బేటా" అని ఈ పిలగాణ్నే 90 నిమిషాలకు దింపుతాం. తొడ పట్టేసి కూలబడితే "ఫిట్‌నెస్ లేదు వీనికి" అంటాం. ఫిట్‌నెస్ పోగొట్టింది మనమే. నోటుబుక్కు పెట్టకుండా ఈ సంగతి కంటికి కనిపించదు. పెడితే లెక్కలు రానివాడికి కూడా కనిపిస్తుంది. ఈ ఒక్క ఉపయోగం కోసమే నేను ప్రతి కోచ్‌నీ నోటుబుక్కుతో మొదలుపెట్టమంటాను.

దీంతోనే వచ్చే ఇంకో లెక్క ఏకరూపత. ఆ వారంలో రోజుకు పడిన సగటు లోడ్‌ను రోజుల మధ్య తేడాతో, అంటే ప్రామాణిక విచలనంతో, భాగించాలి. పైన చెప్పిన వారానికి అది 1.1, 1.2 మధ్య వస్తుంది. 2 దాటితే జాగ్రత్త పడమంటారు ఫాస్టర్. మన దగ్గర టోర్నమెంటు ముందు పెట్టే క్యాంపుల సంగతి చూడండి: 500, 450, 500, 480, 500, 520, 400. సెలవు లేదు, తేలిక రోజు లేదు. ఈ వారం ఏకరూపత 11 దాటుతుంది! పెద్ద క్లబ్బుల్లో మ్యాచ్ ముందు రోజు లోడ్ బాగా దించేస్తారు. మనం ఆ రోజు కూడా "లాస్ట్ చాన్స్" అని ఇరవై రౌండ్లు కొట్టిస్తాం.

ఇక దీని లోపం. పిలగాళ్లు అబద్ధం చెప్తారు. తప్పు వాళ్లది కాదు. శనివారం సాయంత్రం టీమ్ ప్రకటిస్తామని తెలిసినప్పుడు శుక్రవారం ఎవడు 8 అంటాడు? "ఎట్లుందిరా?" అంటే "మంచిగనే ఉంది సార్." "తొడ గుంజుతున్నదా?" "జర గుంజుతున్నది సార్, గని ఆడ్త." ఈ అంకెలను టీమ్ ఎంపికకు వాడనని మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకుంటేనే పద్ధతి బతుకుతుంది. ఒక్కసారి "నువ్వు 9 అన్నవ్ గద, అందుకే కూసోబెట్టిన" అన్నారో, ఆ సీజన్ మొత్తానికి మీ నోటుబుక్కు ఖతం.

రెండో లోపం ఇంకా లోతైంది. 60 నిమిషాలు ఇంటూ 5 అంటే 300. చిన్న చతురస్రంలో పాస్‌ల ఆటకూ 300 వస్తుంది, 40 మీటర్ల స్ప్రింట్లకూ 300 వస్తుంది. ఊపిరితిత్తులకు అవి రెండూ ఒకటే కావొచ్చు. తొడ వెనక కండరానికి మాత్రం కావు.

జీపీఎస్ చొక్కా

రెండు భుజాల మధ్య, వీపు మీద చిన్న జేబు, అందులో అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద పెట్టె. ఆస్ట్రేలియా కంపెనీ కాటపుల్ట్, ఉత్తర ఐర్లాండ్ కంపెనీ స్టాట్‌స్పోర్ట్స్ ఈ వ్యాపారంలో పెద్ద పేర్లు. మ్యాచ్‌లో వీటిని తొడుక్కోవడానికి ఆట నియమాలు చేసే ఐఎఫ్‌ఏబీ 2015లో దారి తెరిచింది, టోర్నమెంటు నిర్వాహకులు ఒప్పుకుంటే చాలు.

ఇది చెప్పేవి నోటుబుక్కు చెప్పలేనివి. ప్రొఫెషనల్ మ్యాచ్‌లో గోల్‌కీపర్ కాని ఆటగాడు 10 నుంచి 13 కిలోమీటర్లు తిరుగుతాడు. మిడ్‌ఫీల్డర్లు ఎక్కువ, సెంటర్ బ్యాక్‌లు తక్కువ. కానీ మొత్తం దూరం చూసి మురిసిపోవద్దు, అందులో సగం పైన నడకా, నింపాది పరుగే. చూడాల్సింది గంటకు 19.8 కిలోమీటర్లు దాటిన పరుగు, 25.2 దాటిన స్ప్రింటు. చాలా క్లబ్బులు వాడే గీతలు ఇవే. సెకనుకు 5.5 మీటర్లు, 7 మీటర్లు అని గుర్తుపెట్టుకుంటే సులువు.

ఈ వేగం పరుగుల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ప్రొఫెషనల్ పురుషుల ఫుట్‌బాల్‌లో ఆటగాళ్లను బయట కూర్చోబెడుతున్న గాయాల్లో ముందున్నది హ్యామ్‌స్ట్రింగే, అంటే తొడ వెనక కండరమే. యూరప్ పెద్ద క్లబ్బుల గాయాలను స్వీడన్ డాక్టర్ యాన్ ఎక్‌స్ట్రాండ్ బృందం 2001 నుంచి లెక్క రాస్తోంది. 2001-02 సీజన్‌లో మొత్తం గాయాల్లో హ్యామ్‌స్ట్రింగ్ వాటా 12 శాతం. 2021-22 నాటికి 24 శాతం. రెండింతలు. పూర్తి వేగంతో ఉరకడం వల్ల కండరం తెగుతుంది, అలాగని వారాల తరబడి పూర్తి వేగంతో ఉరక్కపోయినా తర్వాత తెగుతుంది. అందుకే వారంలో ఒకటి రెండు సార్లు ప్రతి ఆటగాడూ తన అత్యధిక వేగానికి దగ్గరగా వెళ్లాడా లేదా అని చూడటం జీపీఎస్‌తో చేసే పనుల్లో అన్నిటికన్నా విలువైంది.

ఇక్కడ మన దేశం సంగతి వేరుగా చెప్పాలి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో లీగ్ మ్యాచ్‌లే 38, కప్పులు అదనం. అక్కడి సమస్య మ్యాచ్‌లు ఎక్కువై నలగడం. 2024-25 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో 13 జట్లు, ఒక్కో జట్టుకు 24 లీగ్ మ్యాచ్‌లు, మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు. మన ఆటగాడికి మ్యాచ్ ఇచ్చే స్ప్రింట్లు తక్కువ, ఆ లోటు ప్రాక్టీసులో పూడ్చాలి. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీలాంటి చోట్ల అంతా తలకిందులు: రోజు మార్చి రోజు మ్యాచ్, పూడ్చడానికేం లేదు, కాపాడుకోవడమే. యూరప్ క్లబ్బు పట్టిక తెచ్చి ఇక్కడ అతికించకూడదనేది ఇందుకే.

కొనేముందు నాలుగు సంగతులు. సెకనుకు 10 సార్లు కొలిచేది అయితేనే కొనండి. పాత 1 హెర్ట్జ్ పెట్టెలు, అంటే సెకనుకు ఒక్కసారే కొలిచేవి, మొత్తం దూరం ఫర్వాలేదనిపిస్తాయి, చిన్న స్ప్రింట్లలో దెబ్బతింటాయి. జేబులో ఫోన్ పెట్టుకుని ఉరికిస్తే వచ్చే అంకెలదీ అదే కథ. ఒక్కో ఆటగాడికి ఒక్కో పెట్టె రాసిపెట్టండి, మార్చి మార్చి తొడగొద్దు. ఒకే కంపెనీ పెట్టెల మధ్య కూడా తేడాలుంటాయి, రెండు కంపెనీల అంకెలు అసలే పోల్చరాదు. చివరిది ఖర్చు. టీమ్ మొత్తానికి లక్షల్లో అవుతుంది, చాలా కంపెనీలు సాఫ్ట్‌వేర్‌కు ఏటేటా చందా అడుగుతాయి. స్పాన్సర్ మొదటి ఏడాది ఇస్తాడు, మరి రెండో ఏడాది?

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను పనిచేసిన క్లబ్బులో ఎనిమిది రోజుల్లో మూడు మ్యాచ్‌లు పడ్డాయి. మా రైట్ వింగర్ రెండు మ్యాచ్‌లూ పూర్తిగా ఆడాడు, వేగం పరుగులు అతని మామూలు వారానికి దాదాపు రెండింతలు. ఆ సంగతి నేను రిపోర్టులో రాశాను. నలభై నిలువు వరుసల పట్టికలో, నాలుగో పేజీలో, రాత్రి పదకొండింటికి మెయిల్ చేశాను. మర్నాడు ఎవరూ తెరవలేదు. మూడో మ్యాచ్ అరవై నిమిషాల దగ్గర అతను తొడ వెనక పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. ఆరు వారాలు పోయాయి. చొక్కా తన పని తాను చేసింది. నేను నాలుగో పేజీలో రాసిన ఒక్క వాక్యం పొద్దున బస్సు దగ్గర హెడ్ కోచ్ చెవిన నోటితో వెయ్యాల్సింది. ఆ రోజు నుంచి నేను కోచ్‌కు ఇచ్చేది ఒక్క కాగితం, దాని మీద మూడు పేర్లకు మించి ఉండవు.

గుండె బెల్టు

ఛాతీకి కట్టే పట్టీ. కెనడాకు చెందిన ఎరిక్ బానిస్టర్, గుండె వేగాన్నీ నిమిషాలనూ కలిపి కట్టిన 'ట్రింప్' అనే లెక్కతో మొదలైన దారి ఇది. సాలీ ఎడ్వర్డ్స్ తెచ్చిన సులువు పద్ధతిలో అత్యధిక గుండె వేగాన్ని అయిదు మెట్లుగా విడగొడతారు. 50 నుంచి 60 శాతం మధ్య గడిపిన నిమిషాలకు 1, ఆపైన ఒక్కో మెట్టుకు 2, 3, 4, చివరికి 90 శాతం పైన గడిపిన నిమిషాలకు 5 చొప్పున గుణించి కలుపుతారు.

ఫుట్‌బాల్‌కు దీన్నే నమ్ముకోమని నేను చెప్పను. మూడు సెకన్ల స్ప్రింటు అయిపోయాక గానీ గుండె అందుకోదు. గోల్‌కీపర్ విషయంలో ఇంకా అన్యాయం, వాడి ఒంటికి పడే దెబ్బలు గుండె వేగంలో కనపడవు. కానీ మన నల్లగొండ ఎండలో దీనికో ప్రత్యేకమైన పని ఉంది. ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలు కాసే ఊళ్లలో సాయంత్రం అయిదున్నరకు కూడా నేల సెగ కక్కుతుంటుంది. జనవరిలో చేసిన డ్రిల్లే, అంతే వేగం, అంతే దూరం. గుండె మాత్రం నిమిషానికి పది పదిహేను సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. చెమటతో నీళ్లు పోయి, రక్తం చర్మం వైపు మళ్లి, అదే పనికి గుండె ఎక్కువ కొట్టుకోవాల్సి వస్తుంది. కొత్తగా ఎండలోకి దించిన వాళ్లకు పది రోజుల నుంచి రెండు వారాల్లో ఇది కొంత సర్దుకుంటుంది. సర్దుకుందా లేదా అని చూడటానికి బెల్టును మించింది లేదు. అందరికీ అక్కర్లేదు, నాలుగైదు బెల్టులు కొని వంతులవారీగా కట్టండి. ఉతికి కట్టండి, పట్టీ చెమట కంపు కొడితే పిలగాళ్లు ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటారు. చేతి గడియారంలో పచ్చ దీపంతో చూసే గుండె వేగం నింపాది పరుగుకు సరే, ఆగి ఉరికే ఆటలో దాన్ని నమ్మి నిర్ణయాలు తీసుకోవద్దు.

పొద్దున అడిగే నాలుగు ప్రశ్నలు

నిద్ర ఎట్లా పట్టింది, అలసట ఎంత, ఒళ్లు నొప్పులు ఎంత, మనసు మీద బరువు ఎంత. ఒక్కోదానికి 1 నుంచి 7, అంకె పెరిగితే ఇబ్బంది ఎక్కువని. ఆస్ట్రేలియాలో హూపర్, మెకినన్ 1995లో పెట్టిన పద్ధతి ఇది, ఖర్చు సున్నా. ఫోన్‌లో ఫారం పంపితే చాలు అంటారు. నా అనుభవంలో ఫారం పంపిన మూడో వారం నుంచి అందరూ పళ్లు తోముకుంటూ 3, 3, 3, 3 నొక్కేస్తారు.

అయినా దీన్ని వదలొద్దు. కారణం చెప్తాను. మా దగ్గర ఒక మిడ్‌ఫీల్డర్, పందొమ్మిదేళ్లవాడు. మార్చిలో రెండు వారాల పాటు మామూలు ప్రాక్టీసుకే 8, 9 చెప్పేవాడు. దూరం తక్కువ, అలసట ఎక్కువ. రక్తపరీక్ష చేయించాం, ఏమీ లేదు. పొద్దున ప్రశ్నల్లో నొప్పులకు వరుసగా 6 పెడుతున్నాడని చూసి ఒక రోజు పక్కకు తీసుకెళ్లి అడిగాను. తల గోక్కుంటూ చెప్పాడు: "బత్తాయి కోతలు సార్. కూలోళ్లు దొరుకుతలేరు. పొద్దుగాల నాలుగు గంటలకే తోటకు పోయి పెట్టెలు ఎత్తి బండ్ల ఏస్తున్న." ప్రాక్టీసుకు ముందే మూడు గంటల మోత. జీపీఎస్‌కూ బెల్టుకూ ఆ మూడు గంటలు తెలీవు. బుధవారం లోడ్ సగానికి తగ్గించి, కోతలు అయ్యాక పెంచాం.

మన జిల్లాల్లో ఆటగాడి ఒంటి మీద గ్రౌండు బయట పడే బరువు చాలా ఉంటుంది. పత్తి ఏరుడు, చెరువుగట్టు జాతరకు రాత్రంతా మేలుకోవడం, కురుమూర్తి జాతరకు నడిచి పోవడం, మిర్యాలగూడ నుంచి రోజూ బస్సులో నిలబడి రావడం. రంజాన్ నెలలో రోజా ఉండే పిలగాళ్లకు సహరీ కోసం లేవడంతో నిద్ర రెండు ముక్కలవుతుంది. ఆ నెల నిద్ర ప్రశ్న ఒక్కటీ మిగతా అన్నిటికన్నా ముఖ్యం, ప్రాక్టీసు ఇఫ్తార్ తర్వాతకు జరపడానికి వీలుంటే జరపండి. అమ్మాయిల టీమ్ అయితే నెలసరి గురించి ఇంకో ప్రశ్న చేర్చాలి, దాన్ని అడగాల్సింది మహిళా కోచో, ఫిజియోనో.

ఎగిరే పరీక్ష, కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియేటిన్ కైనేజ్, పడుకుని గుండె లయ చూడటం లాంటివి కూడా ఉన్నాయి. మ్యాచ్ అయ్యాక రెండు మూడు రోజుల దాకా కాళ్ల సత్తువ పూర్తిగా తిరిగి రాదు, వారానికొకసారి నిలువు ఎగురుడు కొలిస్తే అది కొంత పట్టుబడుతుంది. గోడ మీద సుద్దముక్కతో గీత పెట్టి కూడా చూడొచ్చు. రక్తపరీక్షలు మాత్రం డాక్టరున్న క్లబ్బులకు వదిలేయండి.

ఒక ప్రసిద్ధ భాగహారం, దానితో తంటా

ఏ సాధనం కొన్నా సాఫ్ట్‌వేర్ మీ ముందు పెట్టే అంకె ఒకటుంది. ఈ వారం లోడ్‌ను గత నాలుగు వారాల సగటుతో భాగించడం. ఆస్ట్రేలియాకు చెందిన టిమ్ గాబెట్ 2016లో రాసిన పత్రంతో దీనికి పేరొచ్చింది. 0.8 నుంచి 1.3 దాకా పచ్చ రంగు, 1.5 దాటితే ఎరుపు. కోచ్‌లకు మస్తు నచ్చింది, ట్రాఫిక్ సిగ్నల్ లాగుంది గదా.

మన బెంచ్ పిలగాణ్నే తీసుకుని చూద్దాం. మూడు వారాలు 1495 చొప్పున, నాలుగో వారం మ్యాచ్ మొత్తం ఆడి 2155. ఈ వారాన్ని కూడా సగటులో కలిపితే సగటు 1660, భాగిస్తే 1.30. పచ్చ. ఈ వారాన్ని కలపకుండా దానికి ముందు వారాల సగటు 1495తో భాగిస్తే 1.44. ఎరుపు అంచుకు దగ్గర. అదే పిలగాడు, అదే ఒళ్లు, అదే వారం. కలిపి చూసే పద్ధతిలో ఈ వారం లోడ్ పైనా కిందా రెండు చోట్లా ఉంటుంది కాబట్టి పెరుగుదల తక్కువగా కనిపిస్తుంది. ఇంపెల్లిజెరితో పాటు పలువురు పరిశోధకులు తర్వాత ఈ నిష్పత్తి మీద గట్టి అభ్యంతరాలే చెప్పారు. ఈ అంకె గాయాన్ని ముందే చెబుతుందనడానికి సరైన ఆధారం లేదన్నారు.

నా మట్టుకు నేను భాగహారం మానేశాను. పోయిన వారంతో ఈ వారం ఎంత పెరిగిందో తీసివేత చేసి చూస్తాను. ఒక్కసారిగా ఎగబాకిన పేరు కనపడితే పిలిచి మాట్లాడతాను. రంగులు చూసి ఎవర్నీ కూర్చోబెట్టను.

మరి ఎవరు ఏం కొనాలి

మా తమ్ముడిలాగా ఇరవై మంది పిలగాళ్లు, ఒక్క పీఈటీ అయితే: నోటుబుక్కు, పొద్దున రెండే ప్రశ్నలు (నిద్ర, నొప్పులు), వారానికొకసారి పూర్తి వేగంతో 30 మీటర్ల పరుగు స్టాప్‌వాచ్‌తో. బెంచ్ మీదున్న వాళ్లకు మ్యాచ్ అయిన వెంటనే అదే గ్రౌండులో ఆరేడు 60 మీటర్ల పరుగులు. దీనికి రూపాయి ఖర్చు లేదు, కానీ మ్యాచ్ గెలిచి అందరూ ఫొటోలు దిగుతుంటే ఈ బెంచ్ పిలగాళ్లను ఉరికించడానికి మాత్రం గట్టి మనసు కావాలి.

రాష్ట్ర స్థాయి టీమ్, అందులో ఫిట్‌నెస్ కోసమే ఒక మనిషి ఉంటే: పైవన్నీ, ఎండాకాలానికి నాలుగైదు గుండె బెల్టులు. డబ్బు మిగిలితే ఆరేడు జీపీఎస్ పెట్టెలు, వింగర్లకూ ఫుల్‌బ్యాక్‌లకూ. అందరికీ కొనలేనప్పుడు ఎక్కువ స్ప్రింట్లు కొట్టేవాళ్లకే తొడగండి. గోల్‌కీపర్‌కు తొడిగి మ్యాచ్‌లో అయిదు కిలోమీటర్లు తిరిగాడని తెలుసుకుంటే ఏం చేస్తాం?

జీతాలిచ్చే ప్రొఫెషనల్ క్లబ్బుకు ఈ ప్రశ్నే లేదు. జీపీఎస్ ఉండాల్సిందే, దాంతో పాటు నోటుబుక్కూ ఉండాల్సిందే. రెండూ పక్కపక్కన పెట్టినప్పుడే దూరం మామూలుగా ఉండి అలసట పెరిగిన ఆటగాడు కనపడతాడు, బత్తాయి పిలగాడిలాగా. క్లబ్బు మొదట ఖర్చు పెట్టాల్సింది మాత్రం ఆ అంకెలను పొద్దున అయిదు నిమిషాల్లో కోచ్‌కు అర్థమయ్యేట్టు చెప్పగలిగే మనిషి మీద. చొక్కాలు ఆ తర్వాత.

చివరగా ఒంటరి ఆటగాడు. గోవాలోనో కేరళలోనో ఒప్పందం మీద ఆడి, సీజన్ అయ్యాక దేవరకొండకో కొల్లాపూర్‌కో వచ్చి రెండు నెలలు ఇంటి దగ్గరుండే పిలగాడు. వీళ్ల గురించి ఎవరూ రాయరు. క్లబ్బు ఒక ప్రోగ్రాం పంపిస్తుంది, ఇంట్లో పెళ్లిళ్లు, మటన్ దావత్‌లు, బయట 44 డిగ్రీల ఎండ. ఆరో వారానికి లోడ్ దాదాపు సున్నా. తర్వాత ప్రీ సీజన్ మొదటి వారంలోనే రోజుకు రెండు పూటలు. సీజన్ మొత్తంలో లోడ్ ఇంతగా ఎగబాకే సందర్భం ఇంకోటి ఉండదు. ఇతనికి మంచి గడియారం ఒకటి, బెల్టు ఒకటి చాలు, నోటుబుక్కు ఎట్లాగూ ఉంటుంది. తిరిగి వెళ్లే నాలుగు వారాల ముందు నుంచి వారం లోడ్ 800, 1100, 1400, 1700 అన్నట్టు ఎక్కించుకుంటూ పోవాలి, తెల్లారి ఆరింటికి ముందే ముగించాలి. ఈ అంకెలు శాస్త్రం కాదు, నా అంచనా. ఒక్కో ఒంటిని బట్టి జరపాలి. పూర్తి వేగం పరుగులు మూడో వారం నుంచే కలపాలి.

పాలమూరు తమ్ముడు ఏం చేశాడంటారా? స్పాన్సర్‌ను ఒప్పించి నాలుగు బెల్టులు కొనిపించాడు. మిగిలిన డబ్బులో కొంత డిగ్రీ చదివే ఒక కుర్రాడికి నెలకింత అని మాట్లాడి, రోజూ అంకెలు రాసే పని అప్పజెప్పాడు. మొన్న ఆదివారం రాత్రి మొదటి వారం పేజీ ఫొటో తీసి పంపాడు. గీతలు కొట్టి, పేర్లు రాసి, చాలా ముచ్చటగా ఉంది. నేను పెద్దది చేసి చూశాను. పద్నాలుగో పేరు ఎదురుగా బుధవారం 4, గురువారం 4, శుక్రవారం 4, శనివారం 4, మ్యాచ్ రోజు కూడా 4.

"ఈ పిలగాడు ఎవడురా?" అని మెసేజ్ పెట్టాను.

"మన స్ట్రైకర్ అన్నా. కొత్తగ ఒచ్చిండు. మస్తు కష్టపడ్తడు, అలుపే ఉండదు."

"రేపు వాన్ని ఒక్కన్నే పక్కకు పిలిచి అడుగు" అన్నాను.